వేరు తవ్వే ముందు

వేసవి వచ్చిందంటే కడప, కర్నూలు, అనంతపురం, తిరుపతి వీధుల్లో షర్బతు బండ్లు వెలుస్తాయి. గాజు గ్లాసులో నిమ్మకాయ పిండి, ముదురు రంగు నన్నారి పాకం పోసి, సోడా కొట్టి చేతికిస్తారు. ఎండలో నడిచి వచ్చిన మనిషికి అది తాగితే ప్రాణం లేచి వచ్చినట్లుంటుంది. ఒంటికి చలువ చేస్తుందని, ఒంట్లో వేడి తగ్గుతుందని మన పెద్దలు చెబుతారు. బజారుకు వెళ్లిన తండ్రి ఇంటికి ఒక సీసా నన్నారి తెస్తే పిల్లలకు ఆ రోజు పండుగే.

అయితే ఆ గ్లాసు చేతిలో పట్టుకొన్నప్పుడు మనలో ఎందరికి ఈ ప్రశ్నలు వచ్చాయి? ఈ పాకం ఏ వేరు నుండి వచ్చింది? ఆ వేరును తవ్విన చేతులు ఎవరివి? తవ్విన చోట ఆ తీగ మళ్లీ మొలిచిందా?

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడవచ్చు. కాని అడవి అంచున ఉన్న మన పల్లెల్లో చాలా కుటుంబాల కూడు వీటితో ముడిపడి ఉంది. మన పిల్లల కాలానికి ఏ మందు మొక్కలు మిగులుతాయి అన్నది కూడా వీటితోనే ముడిపడి ఉంది. కనుక ఈ నెల ఈ సంగతిని కలిసి ఆలోచిద్దాము.

నన్నారి అనగా ఏమిటి?

నన్నారి పేరుతో మన ప్రాంతంలో రెండు మొక్కలు చెలామణి అవుతున్నాయి. ఒకటి సుగంధిపాల. ఇది చేల గట్ల మీద, కంచెల వెంబడి పాకే సన్నని తీగ. దీని వేరు పుల్లలా సన్నగా ఉంటుంది. ఆయుర్వేద వైద్యులు శారిబ అనీ, అనంతమూలమనీ చెప్పేది దీనినే.

రెండవది కొండ తీగ. దీని వేళ్లు వేలంత, కొన్నిసార్లు అంతకంటె లావుగా, గుత్తిగా, కండ పట్టి ఉంటాయి. రాయలసీమలో వీటిని నన్నారి కొమ్ములు, మారెడు గడ్డలు అంటారు. శాస్త్రజ్ఞులు ఈ తీగకు పెట్టిన పేరు డెకాలెపిస్ హామిల్టోనై. ఇది దక్షిణ భారతదేశంలోని ఎండు కొండల్లో, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా లేదు. దాని వేరు విరిస్తే వచ్చే కమ్మని వాసన వెనీలా వాసనకు చాలా దగ్గరి బంధువు. ఆ వాసన కోసమే షర్బతులో దానికి అంత గిరాకీ. కన్నడ, తమిళ దేశాలలో అదే వేరును ముక్కలుగా కోసి ఊరగాయ పెడతారు. ఆయుర్వేద మందుల వ్యాపారంలో కూడా సుగంధిపాలకు బదులుగా ఈ లావు వేళ్లు అమ్ముడవుతాయి.

నల్లమల, శేషాచలం కొండల్లో చెంచులు, యానాదులు తరతరాలుగా ఈ వేళ్లను ఎరుగుదురు. పూర్వం వారు తమ ఇంటి అవసరానికి, చుట్టుపక్కల సంతకు సరిపడా తవ్వుకొనేవారు. ఇప్పుడు పట్టణాల్లో షర్బతు తయారీదారులకు, ఊరగాయ అంగళ్లకు, మందుల కంపెనీలకు బస్తాలకు బస్తాలు కావాలి. గడ్డపారతో రాయి పెకలించి, మట్టి తోడి, గుత్తిలో ఉన్న వేళ్లన్నీ లాగేస్తారు. కొసకు తీగ మొదలు కూడా ఎండి పోతుంది. ఒకప్పుడు ఊరి దగ్గర గుట్టలో దొరికిన తీగ కోసం ఇప్పుడు లోపలి కొండలకు పోవలసి వస్తోంది. శాస్త్రజ్ఞులు దీనిని అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల వరుసలో చేర్చారు.

ఆకు కోయడం వేరు, వేరు తవ్వడం వేరు

మందు మొక్కలన్నింటికీ ఒకే ప్రమాదం లేదు. మొక్కలో ఏ భాగం మందుకు పనికివస్తుందో దానినిబట్టి ప్రమాదం ఉంటుంది.

ఆకు కోస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కాయ కోసుకొంటే వచ్చే ఏడు మళ్లీ కాస్తుంది. ఉసిరి, కరక్కాయ, తానికాయ అటువంటివి. అయితే అక్కడ కూడా మన తొందర చెడు చేస్తుంది. చెట్టెక్కి కాయలు దులపడానికి బదులు కొమ్మకు కొమ్మ నరికి క్రింద పడవేసి కాయలు ఏరుకొనేవారున్నారు. ఆ రోజుకు పని తేలికవుతుంది గాని, కాయ కాసే కొమ్మ మళ్లీ రావడానికి ఏండ్లు పడుతుంది.

బెరడు సంగతి ఇంకా కష్టం. చెట్టు చుట్టూ బెరడు వలిస్తే, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగే దారి తెగిపోతుంది. చెట్టు నిలబడి ఉండగానే చచ్చిపోతుంది. నరమామిడి చెట్టుకు జరిగింది ఇదే. దాని బెరడు పూర్వం విరిగిన ఎముకలకు, బెణుకులకు పట్టు వేయడానికి వాడేవారు. ఆ వాడకం వలన చెట్టుకు పెద్ద నష్టం లేదు. కాని ఆ బెరడు పొడి తడిపితే జిగురుగా అవుతుంది గనుక అగరువత్తుల పరిశ్రమకు అది కావలసి వచ్చింది. అప్పటి నుండి అడవిలో నరమామిడి మ్రాను కనబడితే వలిచేయడమే.

వేరు అన్నింటికంటె కష్టమైనది. వేరు తవ్వితే మొక్క పోతుంది. దాని కాయ పండకముందే తవ్వితే దాని పిల్ల కూడా పోతుంది. రైతు కుటుంబాలలో పెరిగిన మనకు ఇది బాగా అర్థమవుతుంది. ఎంత కరువు వచ్చినా, విత్తనాల కోసం గాదెలో దాచిన గింజలు వండుకొని తినడానికి తల్లి చెయ్యి ఆడదు. ఆ గింజలు తింటే ఒక పూట గడుస్తుంది, ఒక ఏడు పోతుంది. వేళ్లన్నీ తవ్వేయడం విత్తనపు గింజలు వండుకోవడం వంటిదే.

మన దేశంలో మందు మొక్కల వ్యాపారంపై 2008లో ప్రచురించిన జాతీయ అధ్యయనం ఒకటి ఉంది. దాని ప్రకారం 960 రకాల మొక్కలు వ్యాపారంలో ఉన్నాయి. వాటిలో 178 రకాలు ఏడాదికి ఒక్కొక్కటి 100 టన్నులకు పైగా అమ్ముడవుతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఎవరి చేలోనూ పండినవి కావు, అడవి నుండి తెచ్చినవే. వీటిలో చాలావాటికి విత్తేవాడు లేడు, కోసేవాడే ఉన్నాడు.

పాతాళగంధి కథ

వేరు కోసం ఒక మొక్క ఎలా దుర్లభమవుతుందో తెలుసుకోవడానికి పాతాళగంధి కథ చాలు. దీనినే సర్పగంధి అని కూడా అంటారు. మోకాలి ఎత్తు మొక్క. తేమ ఉన్న అడవుల నీడలో, మన తూర్పు కనుమల్లో కూడా పెరుగుతుంది. పాము కాటుకు, నిద్ర పట్టనివారికి, మతి చలించినవారికి దీని వేరు ఇవ్వడం మన దేశపు వైద్యులకు ఎప్పటినుండో తెలుసు.

1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని వ్రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులలో చూచిన ఫలితాలను ఇంగ్లండు వైద్య పత్రికలో ప్రకటించారు. ప్రపంచం కళ్లు ఈ చిన్న మొక్కమీద పడ్డాయి. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుండి రెసర్పిన్ అనే మందును వేరు చేశారు. రక్తపోటుకు, మానసిక రోగాలకు అది ఆ రోజుల్లో గొప్ప మందుగా పేరు పొందింది. ఎన్నో కుటుంబాలు దానివలన మేలు పొందాయి. ఇది మనము సంతోషింపదగిన సంగతే.

కాని ఆ మందు వేరు బెరడులో ఉంది. అడవిలో మొక్క రెండు మూడేండ్లు పెరిగితేగాని వేరు పనికిరాదు. పైగా దాని గింజల్లో చాలావరకు తప్పగింజలే, మొలిచేవి కొద్ది. గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, మొక్క మాత్రం తన వేగంతోనే పెరుగుతుంది. ఫలితం ఊహించలేనిది కాదు. 1990లో పాతాళగంధిని సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చారు. అనుమతి పత్రం లేకుండా దానిని దేశం దాటించకూడదు. ఈనాడు రక్తపోటుకు వేరే మందులు చాలా వచ్చాయి, రెసర్పిన్ వాడకం బాగా తగ్గింది. అయినను నాటు మందులకోసం ఆ వేరు తవ్వకం ఆగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వేరు బలమైన మందు. కొలత తప్పితే రక్తపోటు బాగా పడిపోతుంది. కొందరిలో తీవ్రమైన మనోవ్యాకులత కలుగుతుందని వైద్యులు గమనించారు. అడవిలో పుట్టినదంతా అపాయం లేనిదని అనుకోకండి. వైద్యుని అడగకుండా ఇటువంటి వేళ్లు నూరి తాగవద్దు.

కురేనే పట్టణపు గుణపాఠం

ఇది మన కాలపు కష్టం మాత్రమే అనుకోవద్దు. రెండువేల ఏండ్ల క్రిందట జరిగిన ఒక సంగతి చూడండి. అది మనకు తెలిసిన ఊరిలోనే జరిగింది. కురేనీయుడైన సీమోను పేరు మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆయన ఊరు కురేనే. అది నేటి లిబియా దేశంలో, మధ్యధరా సముద్రానికి దగ్గరగా ఉన్న గ్రీకు పట్టణం.

ఆ పట్టణానికి సంపద తెచ్చినది ఒక అడవి మొక్క. దాని పేరు సిల్ఫియం. దాని బంక దగ్గు మొదలుకొని అనేక రోగాలకు మందు, వంటకు రుచి. రోమా ధనవంతులు దానికి ఎంత ధరైనా ఇచ్చేవారు. కురేనే వారు తమ నాణెముల మీద ఆ మొక్క బొమ్మను ముద్రించుకొన్నారు. ఆ నాణెములు నేటికీ ఉన్నాయి. దానిని తోటల్లో పెంచడం ఎవరికీ చేతకాలేదు. అది అడవిలోనే పెరిగేది. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వ్రాసినదాన్ని బట్టి, మొదట్లో ఎంత కోయాలి, ఎలా కోయాలి అన్నదానికి అక్కడ కట్టుబాట్లు ఉండేవి.

తరువాత రోమా ప్రభుత్వం వచ్చింది. ఆ పచ్చిక భూములను గుత్తకు తీసుకొన్నవారు ఎక్కువ లాభం వస్తుందని గొర్రెలను తోలి మేపించారని రోమా రచయిత ప్లినీ వ్రాశాడు. తన కాలంలో ఒకే ఒక్క కాడ దొరికిందనీ, దానిని నీరో చక్రవర్తికి పంపారనీ ఆయన చెప్పాడు. నీరో ఏలినది క్రీ.శ. 54 నుండి 68 వరకు. అంటే సీమోను తరంవారు బ్రతికి ఉన్న రోజుల్లోనే వారి ఊరి మొక్క కనుమరుగైంది. దానికి బదులుగా రోమా వంటశాలల్లోకి పర్షియా వైపు నుండి వచ్చినది ఏమిటో తెలుసా? మన పప్పుచారులో వేసుకొనే ఇంగువ! సిల్ఫియం దొరకనివారు ఇంగువతో సర్దుకొన్నారు. నాణెం మీద బొమ్మ మిగిలింది, నేలమీద మొక్క మిగలలేదు.

కురేనే వారు బుద్ధిలేనివారు కారు. కట్టుబాట్లు చేసుకొన్నవారే. అయితే భూమిని గుత్తకు పుచ్చుకొన్నవానికి ఆ మొక్క రేపు ఉంటుందా లేదా అన్న చింత లేకపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి. మన కొండల విషయంలో కూడా చిక్కు అక్కడే ఉంది.

తవ్వే చేతులను నిందించవద్దు

అడవి పాడవుతోందని వినగానే మనకు మొట్టమొదట కోపం వచ్చేది తవ్వేవానిమీద. కాని ఒక ఇంటిని తలచుకొని చూడండి. కొండ క్రింద పల్లె. వర్షాధారపు అర ఎకరం. వేసవిలో కూలి లేదు. పిల్లకు జ్వరం, ఆసుపత్రికి బస్సు చార్జీ లేదు. షావుకారు వద్ద ముందే అప్పు తీసుకొన్నారు, దానికి బదులు వేళ్లు తెచ్చి ఇవ్వాలి. తండ్రి గడ్డపార భుజాన వేసుకొని కొండ ఎక్కుతాడు. అతనికి తీగ కనబడింది. సగం తవ్వి సగం వదలాలని అతనికి తెలియక కాదు. "నేను వదిలితే వెనుక వచ్చేవాడు తవ్వుకొంటాడు" అన్న ఆలోచన అతని చేతిని ఆగనివ్వదు. వెనుక వచ్చేవాడు కూడా అలాగే ఆలోచిస్తాడు. ఆ తీగ చివరికి ఇద్దరికీ దక్కదు.

షర్బతు సీసా ధరలో ఆ తండ్రి చేతికి వచ్చేది చాలా తక్కువ. తూకంలో, తేమ పేరుతో కోతలో, చేతులు మారిన ప్రతి చోటా కొంత పోతుంది. ధర తక్కువైన కొద్దీ అతడు ఎక్కువ తవ్వాలి. కాబట్టి మొక్కను కాపాడాలంటే మొదట ఆ ఇంటి కూడును గూర్చి ఆలోచించాలి. అడవికి తాళం వేసినంత మాత్రాన ఆకలికి తాళం పడదు.

ఇందుకు చట్టంలో కొంత దారి ఉంది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, తరతరాలుగా అడవిలో ఫలసాయం ఏరుకొనే గిరిజనులకు, ఇతర అడవి వాసులకు ఆ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. అదే చట్టం వారి గ్రామసభకు అడవిని, అందులోని జీవాలను కాపాడే అధికారం, బాధ్యత కూడా ఇచ్చింది. ఇది మన గుట్ట, రేపు కూడా మనదే అన్న ధైర్యం కలిగినవాడే సగం వదలగలడు. కురేనేలో గుత్తదారునికి లేనిది ఈ ధైర్యమే.

తపసి చెట్టు నేర్పిన పాఠం

ఇదంతా జరిగే పనేనా అని కొందరు అడుగుతారు. జరుగుతుందని చూపించడానికి మన ఏజెన్సీలోనే ఒక ఉదాహరణ ఉంది. ఎండు కొండలమీద తెల్లని నున్నని బెరడుతో నిలిచే తపసి చెట్టును మీరు చూచి యుంటారు. దాని బంక నీటిలో వేస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. మలబద్ధకానికి మందుగా, కట్టుడు పళ్లు అంటుకొనే పొడిగా, ఆహార పదార్థాల్లో చిక్కదనానికి దానిని వాడతారు. విదేశాలకు కూడా ఎగుమతి అవుతుంది.

పూర్వం బంక కోసం గొడ్డలితో చెట్టుకు లోతుగా గాట్లు పెట్టేవారు. గాటు బెరడు దాటి లోపలి కొయ్యలోకి దిగేది. గాయం మానదు, పురుగు పడుతుంది, గాలికి చెట్టు విరుగుతుంది. లేత చెట్లను కూడా వదలలేదు. నేలమీద కారిన బంకకు మట్టి, బెరడు ముక్కలు అంటుకొని నల్లగా ఉండేది. అటువంటి బంకకు ధర పలకదు. ధర లేక ఇంకా ఎక్కువ గాట్లు. చెట్టు, మనిషి ఇద్దరూ నష్టపోయారు.

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థను మన పల్లెల్లో జి.సి.సి. అంటారు. ఏజెన్సీ సంతల్లో అడవి ఫలసాయం కొనేది అదే. 1990వ దశకంలో ఈ సంస్థ ప్రాంతాల్లో బంక తీసేవారికి కొత్త పద్ధతి నేర్పడం మొదలైంది. ఈ పనిలో విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ కూడా పాలుపొందింది. గొడ్డలికి బదులు చిన్న కత్తి ఇచ్చారు. ముదిరిన చెట్టుకే గాటు పెట్టాలి. బెరడు పైపైన మాత్రమే గీయాలి, కొయ్యను తాకకూడదు. గాయం మానడానికి చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. బంకను నేల రాలనివ్వకుండా శుభ్రంగా తీసి, ఆరబెట్టి, రకాలుగా ఏరి అమ్మాలి.

ఇందులో గొప్ప యంత్రమేమీ లేదు. చిన్న కత్తి, ఓపిక, సరియైన ధర. శుభ్రమైన తెల్లని బంకకు మేలు రకం ధర వచ్చింది. తక్కువ గాటుతో ఎక్కువ డబ్బు వచ్చినప్పుడు చెట్టును కాపాడమని ఎవరూ బోధించనక్కరలేదు. మనిషికి మేలు, చెట్టుకు మేలు ఒకే దారిలో నడవగలవని తపసి మనకు నేర్పింది.

నన్నారికి కూడా దారి లేకపోలేదు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ తీగను టిష్యూ కల్చర్ పద్ధతిలో వృద్ధి చేసే విధానాలు కనిపెట్టారు. చేలలో పెంచితే కొండకు విశ్రాంతి దొరుకుతుంది. కాని పంట చేతికి రావడానికి ఏండ్లు పడుతుంది గనుక, గట్లమీద, బండరాళ్ల నేలలో మొదలుపెట్టడం పేద రైతుకు మేలు.

పక్షిగూటి ఆజ్ఞ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములలో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. మనము చాలాసార్లు దానిని చదివి దాటిపోతాము. దారిలో చెట్టుమీదనో నేలమీదనో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీదనో గుడ్లమీదనో కూర్చుండి యుంటే, పిల్లలను తీసుకొనవచ్చును గాని తల్లిని పోనివ్వవలెను. అట్లు చేసినవానికి మేలు కలుగుననియు, అతడు దీర్ఘాయుష్మంతుడగుననియు అక్కడ వాగ్దానమున్నది.

దేవుడు ఆకలిగొన్న మనుష్యునికి గూటిని తాకవద్దని చెప్పలేదు. అతని అవసరము ఆయనకు తెలుసు. అయితే తల్లిని కూడా పట్టుకొంటే ఆ కొమ్మమీద మరి గూడు ఉండదు. తీసుకో, తల్లిని వదలు. అడవికి వెళ్లే ప్రతి మనిషీ జ్ఞాపకముంచుకోదగిన సూత్రం ఇంతకంటె చిన్నమాటలో చెప్పలేము. ఉసిరి చెట్టుకు కొమ్మ తల్లి. తపసికి కొయ్య తల్లి. నన్నారికి తీగ మొదలు తల్లి. పాతాళగంధికి విత్తనం రాలేదాకా నిలిచిన మొక్క తల్లి.

మనము చేయదగినవి

1. తవ్వేవారు: గింజలు పండి రాలిన తరువాతనే తవ్వండి. గుత్తిలో ఒక ప్రక్క వేళ్లు తీసుకొని, తీగ మొదలును, మిగిలిన వేళ్లను వదలి మట్టి కప్పండి. లేత తీగను ముట్టవద్దు. ఒక గుట్టలో ఈ ఏడు తవ్వితే కొన్ని ఏండ్లు దానికి విశ్రాంతి ఇవ్వండి. ఏ గుట్టకు ఏ ఏడు విశ్రాంతి అన్నది గ్రామసభలో అందరూ కూర్చుండి నిర్ణయించుకొంటేనే అది నిలుస్తుంది.

2. అమ్మేవారు: మట్టి కడిగి, నీడన ఆరబెట్టి, రకాలుగా ఏరి అమ్మండి. ఒక్కొక్కరుగా కాక పదిమంది కలిసి అమ్మితే తూకంలో మోసం తగ్గుతుంది. జి.సి.సి. డిపో ఉన్నచోట అక్కడి ధర తెలుసుకోకుండా దళారికి ఇవ్వవద్దు.

3. కొనేవారు: అగ్గువకు దొరికిందని అవసరానికి మించి వేళ్లు కొని నిలువ పెట్టకండి. ఎక్కడినుండి వచ్చింది అని అంగడివానిని అడగండి. పదిమంది అడిగితే అతడు కూడా తనకు అమ్మేవానిని అడుగుతాడు.

4. గృహిణులు: ఆకు పనిచేసే చోట వేరు వాడవద్దు. తులసి, వాము ఆకు, అడ్డసరం, కలబంద, నల్లేరు వంటివి పెరటిలో, కుండీలో పెరుగుతాయి. సుగంధిపాల తీగను కూడా కంచెమీదికి పాకించవచ్చు. పెరటిలో ఒక మొక్క పెరిగితే కొండమీద ఒక మొక్కకు విడుదల.

5. యౌవనస్థులు: 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఆ ఊరి మొక్కలు, వాటి వాడకం వ్రాసి ఉంచే రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఉన్నదా? లేకుంటే అడగండి. మీ ఊరి ముసలమ్మకు తెలిసిన మొక్కలను, వాటి పేర్లను ఆమె ఉండగానే వ్రాసి పెట్టండి. ఆమెతో పోయినది ఏ పుస్తకంలోనూ దొరకదు.

6. సంఘములు: కోత పండుగనాడు ధాన్యము, గుమ్మడికాయలు తెచ్చినట్లే మందు మొక్కల మొలకలు కూడా తెప్పించి కుటుంబానికి ఒకటి చొప్పున పంచవచ్చు. దేవాలయ ఆవరణలో నాలుగు సెంట్లు మందు మొక్కలకు కేటాయించి, సండే స్కూలు పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క మొక్క అప్పగించండి. పిల్లవాడు పెంచిన మొక్కను పెద్దవాడైన తరువాత పెకలించడు.

చివరి మాట

యెహెజ్కేలు దర్శనములోను, ప్రకటన గ్రంథము చివరి అధ్యాయములోను నది ఒడ్డున నిలిచిన వృక్షములు మనకు కనబడతాయి. స్వస్థత కొరకు ఆ వృక్షముల ఆకులు ఇయ్యబడినవి. చెట్టు నిలిచే యుంటుంది, నెలనెలా ఫలిస్తూనే యుంటుంది. అక్కడ వేరు తవ్వినవాడు లేడు.

మన కొండలు ఆ నది ఒడ్డు కావు. మన ఇండ్లలో జబ్బులున్నాయి, ఆకలి ఉంది, అప్పులున్నాయి. వేరు తవ్వక తప్పని రోజులు వస్తాయి. ఆ రోజు గడ్డపార ఎత్తిన చేయి ఒక్క క్షణం ఆగి, "ఇందులో తల్లి ఏది? దానిని వదిలానా?" అని అడుగుకొంటే చాలు. ఈ వేసవిలో షర్బతు గ్లాసు చేతికి వచ్చినప్పుడు మనము కూడా ఆ మాటే అడుగుదాము. ఈ వ్యాసాన్ని మీ ఇంట్లో పిల్లలకు చదివి వినిపించి, మీ చుట్టుప్రక్కల ఏ మొక్క తక్కువైపోతున్నదో పెద్దలను అడిగి తెలుసుకోమని చెప్పండి. ముందుగా దాని పేరు తెలుసుకొనండి. పేరు కూడా తెలియని మొక్క పోయినా మనకు పోయినట్లు తెలియదు.